ఇరవై లెక్కపెట్టాలి

మా జీపుని అమ్మకానికి పెట్టిన రోజుల్లో నాకు చిరాకు తెప్పించిన ప్రశ్న ఒక్కటే. "ఇంజిన్ ఎలా పోయింది?"

ధర అడిగితే చెప్పొచ్చు. కాగితాలు అడిగితే చూపించొచ్చు. తుప్పు ఎంతుందని అడిగితే, వంగి కింద చూసుకోమనొచ్చు. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం 2016 వేసవిలో రెండు నెలల పాటు మనిషికో రకం సమాధానం చెప్పాను. ఒకాయనతో "పాతబడిపోయిందండీ" అన్నాను. ఇంకొకాయనతో "హెడ్ గాస్కెట్ కొట్టేసింది" అన్నాను. మరొకరితో "తియ్యక తియ్యక పట్టేసింది" అన్నాను. ఇవేవీ పచ్చి అబద్ధాలు కావు. అలాగని అసలు సంగతీ కాదు.

అది 1974 మోడల్ మహీంద్రా సీజే త్రీబీ. బానెట్ బాగా ఎత్తుగా, రెండు గుండ్రటి లైట్లతో, ఎప్పుడూ ఏదో ఆశ్చర్యపోతున్నట్టు కనిపించే జీపు. నాన్న చిన్న కాంట్రాక్టరు. అరకు, పాడేరు వైపు కల్వర్టులు, పంచాయతీ రోడ్లు వేయించేవారు. 1988లో ఒక ప్రభుత్వ శాఖ పాత బళ్ళు వేలం వేస్తుంటే, పాటలో 26 వేలకి ఇది ఆయన పాలిట పడింది. విశాఖ గోపాలపట్నంలో మా ఇంటి ముందు దాన్ని ఆపినప్పుడు అమ్మ అన్న మొదటి మాట, "దీనికి తలుపులేవీ?" అని. చివరి దాకా లేవు.

అప్పటికి అది పెట్రోల్ బండి. 2,199 సీసీ ఇంజిన్, దానికి కంపెనీ వాళ్ళు పెట్టిన పేరు హరికేన్, అంటే తుఫాను. ఆ పేరు ఎందుకు పెట్టారో గానీ, నెలాఖరుకి నాన్న జేబుని మాత్రం తుఫానులాగే ఊడ్చుకుపోయేది. కింద రోడ్ల మీద లీటరుకి ఆరో ఏడో కిలోమీటర్లు. ఘాట్ ఎక్కితే అవీ లేవు. అప్పట్లో డీజిల్ ధర పెట్రోల్ ధరలో సగం కూడా ఉండేది కాదు. అందుకే పాత పెట్రోల్ జీపున్న ప్రతివాడూ ఇంజిన్ మార్పించేవాడు. కొందరు మెటాడోర్ వ్యాన్ ఇంజిన్ ఎక్కించేవారు, కొందరు పాత ట్రాక్టర్ రకం ఇంజిన్. చివరికి 1993 వేసవిలో నాన్న కూడా జీపుని గాజువాక ఆటోనగర్ తీసుకెళ్ళారు. నాకు పదేళ్ళు. బడి సెలవులు కాబట్టి నేనూ వెంట పడ్డాను.

మేస్త్రీ పదిహేను రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. నెలన్నర పట్టింది.

ఆ నెలన్నరా నాకు పండగే. గొలుసు కప్పీకి హరికేన్ ఇంజిన్ వేలాడుతూ పైకి లేస్తుంటే, బండి ముందు భాగం ఒక్కసారి 'హమ్మయ్య' అన్నట్టు పైకి లేచింది. దాని చోటులోకి ప్రమాదంలో నుజ్జయిన ఒక మహీంద్రా జీపులోంచి తీసిన ప్యూజో డీజిల్ ఇంజిన్ వచ్చింది. ఎక్స్‌డీపీ 4.90 అనేవారు. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 90 మిల్లీమీటర్ల బోరు. పేరులోని లెక్క అదేనని మేస్త్రీ చెబితే నాకు భలే అనిపించింది. తర్వాత బళ్ళో లెక్కల మాస్టారికి కూడా చెప్పాను, ఆయనకేం భలే అనిపించలేదు.

కొత్త ఇంజిన్ పాత జీపులో కూర్చోవడం అంత తేలిక కాదు. మౌంటింగులు కోసి, చాసిస్ మీద వేరే చోట వెల్డింగ్ పెట్టారు. ఇంజిన్‌కీ పాత మూడు గేర్ల బాక్సుకీ పొంతన కుదరక, మధ్యలో వెయ్యడానికి లేత్ మీద ఒక ఫ్లాంజ్ కొట్టించారు. అది రెండుసార్లు తేడా వచ్చింది, మూడోసారి కుదిరింది. బరువు పెరిగిందని ముందు స్ప్రింగు కట్టల్లో చెరో పట్టీ అదనంగా వేశారు. అన్నీ అయ్యాక చూస్తే ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య వేలు మందం సందే మిగిలింది. రేడియేటర్ మాత్రం పాతదే. పెద్దది వెయ్యాలంటే ముందు జాలీ అంతా కొయ్యాలి, నాన్న దగ్గర డబ్బులు అప్పటికే అయిపోయాయి.

"కింద రోడ్ల మీద ఏటీ కాదు బాబూ," అన్నాడు మేస్త్రీ. "ఘాట్ ఎక్కినప్పుడు మాత్రం టైడాలో ఓ పావుగంట ఆపండి. వేడి మీటర్ ముల్లు సూసుకోండి. దానికీ ఊపిరాడాల గదా."

ఇరవై రెండేళ్ళు నాన్న ఆ మాట దాటలేదు. టైడాలో టీ తాగేంతసేపు బానెట్ ఎత్తి ఉంచేవారు. మేమేమో కొండ మీద కొత్తవలస-కిరండూల్ రైలు కూత వినిపిస్తే, అది ఏ సొరంగంలోంచి బయటికొస్తుందో వెతికేవాళ్ళం. నా చిన్నప్పటి అరకు ప్రయాణాల్లో అరకు కంటే టైడాలో ఆ పావుగంటే ఎక్కువ గుర్తుంది.

ఇంకో సంగతి హీటర్. డీజిల్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఊరికే తాళం తిప్పితే లేవదు. ముందు హీటర్ స్విచ్ నొక్కి పట్టుకోవాలి, లోపల ప్లగ్గులు ఎర్రబడాలి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. నాన్న పైకే లెక్కపెట్టేవారు, ఒకటి, రెండు, మూడు... ఇరవై. ఆయనతో పాటు వెనక తొట్టిలో కూర్చున్న మేము, అమ్మ, ఒక్కోసారి వీధిలో నిలబడ్డవాళ్ళు కూడా. చెల్లికి ఓపిక తక్కువ. పన్నెండు తర్వాత ఒక్కసారిగా "ఇరవై!" అనేది. నాన్న దాని గొంతుకి తాళం తిప్పేసేవారు. ఇంజిన్ గుర్రుగుర్రుమని తెల్లటి పొగ వదిలి ఊరుకునేది. మళ్ళీ ఒకటి నుంచి.

స్టార్ట్ అయ్యాక ఆ మోత సంగతి ఏం చెప్పను. అద్దంలో వెనకొచ్చే లారీ రెండు లారీలుగా కనిపించేది. అమ్మ పక్క సీట్లో కూర్చుని మాట్లాడితే ఆవిడ గొంతు కూడా వణికేది. అయినా ఇంజిన్ మార్చిన వారమే సింహాచలం తీసుకెళ్ళి, కొండ కింద పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాం. అప్పన్న దయ వల్లో, నాన్న పావుగంటల వల్లో, అది మమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెట్టింది చాలా తక్కువ.

అన్నట్టు, ఇంజిన్ మార్చగానే నాన్న చేసిన ఇంకో పని ఉంది. అప్పట్లో అదంతా చాదస్తం అనుకున్నారు అందరూ. రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఆర్సీ పుస్తకంలో ఇంధనం పెట్రోల్ కొట్టేయించి డీజిల్ అని, కొత్త ఇంజిన్ నంబరుతో సహా రాయించుకుని, ముద్ర వేయించుకుని వచ్చారు. మా వీధిలోనే ఇంకో మార్చిన జీపు ఉండేది. దాని ఆర్సీలో మాత్రం చివరి దాకా పెట్రోలే.

కాంట్రాక్టులు మానేశాక జీపు పని తగ్గింది. వారానికోసారి నాన్న దాన్ని ఎన్ఏడీ జంక్షన్ దాకా తిప్పుకొచ్చేవారు, అంతే. సముద్రపు గాలికి కింద రేకు తినేసి, ఒకచోట కాళ్ళ దగ్గర రోడ్డు కనిపించేది. అమ్మేద్దామని నేనే రెండుమూడుసార్లు అన్నాను. ఈలోగా 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది.

ఆ ఆదివారం గురించి విశాఖ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే వీధి లేదు, చెట్లే ఉన్నాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. కార్లన్నీ ఇళ్ళలోనే చిక్కుబడిపోయాయి. నాన్న బయటికొచ్చి, జీపు మీద పడ్డ వేపకొమ్మని పక్కకి లాగి, ఎక్కి కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిహేను అయ్యేసరికి చుట్టుపక్కల వాళ్ళంతా అరుగుల మీదకొచ్చి వింటున్నారు. ఇరవైకి లేచింది. నిజంగా చప్పట్లు కొట్టారు.

ఆ రోజు లో గేర్‌లో వేసి, మోకులు కట్టి మా వీధిలో నాలుగు చెట్లు లాగాం. తర్వాత నాలుగైదు రోజులు నీళ్ళ క్యాన్లు, పాల ప్యాకెట్లు, ఒకసారి నిండు గర్భిణి. దానికి తుఫాను ఇంజిన్ పీకేసి ఇరవై ఏళ్ళయ్యాక అసలు తుఫానులో పని పడింది. ఆ వారమే, 18వ తేదీన, డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. అంటే మేము ఎందుకోసం ఇంజిన్ మార్చామో ఆ లాభం కూడా పోయే రోజులు వచ్చాయన్నమాట. కానీ అప్పుడు ఆ జీపుని అమ్మమని అనడానికి నాకు నోరు రాలేదు.

మూడు నెలలకి దాని ఇంజిన్ పోయింది. సంక్రాంతి తర్వాత, 2015 జనవరి. అప్పుడు బండి నడుపుతున్నది నేను.

ఆటోనగర్‌లో హెడ్డు విప్పారు. వాల్వుల మధ్య చీలింది. మూడో లైనర్ నిండా గీతలు, పిస్టన్ కరుచుకుంది. ఆయిల్ తీస్తే మజ్జిగలా వచ్చింది. పాత మేస్త్రీ అప్పటికి పని మానేసి షెడ్డు కొడుకుకి అప్పగించాడు. ఆ కుర్రాడు అంతా కలిపి 65 వేలు అవుతుందన్నాడు. నాన్నకి శుక్లాల ఆపరేషన్ అయి కొన్నాళ్ళయింది, ఇక తను నడిపేది లేదు. "ఉండనీ" అన్నారు. విప్పిన హెడ్డు, పిస్టన్లు, చిల్లర సామానంతా రెండు గోనెసంచుల్లో వేసి, బండితో పాటు ఇంటికి తోలుకొచ్చేశాం. ఏడాదిన్నర అలాగే ఉంది. పిల్లి దాని బానెట్ కింద రెండు ఈతలు ఈనింది.

2016లో ఇంటి ముందు గది వేద్దామనుకున్నాం, స్థలం కావాలి. అప్పుడు అమ్మకానికి పెట్టాం. నేను లక్షా పది అని మొదలుపెట్టాను.

మొదట వచ్చింది ఒక బ్రోకరు. వస్తూనే జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బాడీ చుట్టూ అంటించుకుంటూ తిరిగాడు. పుట్టీ పెట్టిన చోట అది అంటుకోదు, జారి కింద పడుతుంది. ఆరుసార్లు పడింది. పడిన ప్రతిసారీ నా వైపు చూసి, జాలిగా నవ్వి, తీసి తుడుచుకున్నాడు.

"ఇంజిన్ లేని జీపంటే తొట్టే కదండీ. నలభై అయిదు ఇస్తాను."

"ఇంజిన్ ఉందండీ, ఇదిగో."

"సంచిలో ఉన్నదాన్ని ఇంజిన్ అనరండీ," అన్నాడు, చాలా మర్యాదగా. "సామాన్లంటారు."

ఇప్పటికీ మా ఇంట్లో ఏదైనా విప్పి మళ్ళీ బిగించలేకపోతే, ఈ మాటే వాడతాం.

తర్వాత రుషికొండ ఐటీ కంపెనీల కుర్రాళ్ళు నలుగురు వచ్చారు. జీపు మీద కూర్చుని ఫోటోలు దిగారు, పైన లైట్లు పెట్టిస్తే ఎలా ఉంటుందో మాట్లాడుకున్నారు, నన్ను అంకుల్ అన్నారు. మళ్ళీ రాలేదు. హైదరాబాద్ నుంచి పాత బళ్ళు సేకరించే ఒకాయన ఫోన్ చేశాడు. ఆయనకి డీజిల్ ఇంజిన్ పోయిందన్న బాధ అస్సలు లేదు. "ఒరిజినల్ హరికేన్ ఎక్కడుంది?" అని అడిగాడు. 1993లోనే పాత ఇనుము వాడికి 2,500కి ఇచ్చేశామన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, ఎవరో పోయారని తెలిసినప్పుడు పెట్టే గొంతుతో "అది ఉండుంటే లక్షన్నర ఇచ్చేవాణ్ణండీ" అన్నాడు. నాన్నకి ఈ సంగతి చెప్పలేదు.

జూన్ చివర్లో మాడుగుల నుంచి ఒకాయన వచ్చాడు. యాభై పైనే ఉంటాయి. కొండ కింద జీడి తోట ఉందట, వానాకాలం ట్రాక్టర్ కూడా దిగబడే దారట. వెంట మెకానిక్కు, బావమరిదే. ఇద్దరూ అయస్కాంతాలు గట్రా ఏమీ తేలేదు. బావమరిది కిరసనాయిలు గుడ్డతో బ్లాకు పక్కన తుడిచి తుడిచి, నంబరు ఒక్కో అంకె పైకి చదివాడు. తోటాయన మా నాన్న ఇచ్చిన ఆర్సీలో వేలు పెట్టి సరిచూసుకున్నాడు. డీజిల్ అన్న చోట వేలు కాసేపు ఆగింది.

"పుస్తకంలో ఎక్కించేసినారా! ఇలాటిది సూసి ఎన్నాళ్ళయినాదో. నంబరు పడితే సాలు బాబూ, మిగతాది ఇనుమే గదా." అని, సంచుల దగ్గర గొంతుకూర్చుని హెడ్డు బయటికి తీసి ఎండకి అటూఇటూ తిప్పి చూశాడు. ఆ చీలిక మీద గోరుతో గీశాడు. నా వైపు చూశాడు.

"ఇది వేడికి పోనాది కాదు. ఎలగ పోనాది?"

నాన్న అరుగు మీద కుర్చీలో ఉన్నారు, పేపరు పట్టుకుని. ఆ మనిషి మీద నమ్మకమో, రెండు నెలలుగా చెప్పిందే చెప్పి విసుగొచ్చిందో తెలీదు, ఆయనకి మొత్తం చెప్పేశాను.

నలుగురు స్నేహితులతో అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి కాశీపట్నం దగ్గరే ముల్లు పైకి వెళ్ళింది. ఆ మీటర్ అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది, అదేలే అనుకున్నాను. టైడా వచ్చింది. చీకటి పడేలోపు చేరకపోతే మంచులో దారి కనబడదు పోనీ పోనీ అని వెనకాల గోల. పోనిచ్చాను. డముకు ఇంకా రాకముందే ఒక మలుపులో బండి నీరసంగా అయిపోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆపాను. అక్కడితో ఊరుకున్నా ఒక గాస్కెట్‌తో పోయేది. పక్కన వాగుంది. జనవరి నెల వాగు నీళ్ళు, చేతులు పెడితే కొంకర్లు పోతాయి. రెండు సీసాలతో పట్టుకొచ్చి, కాలిపోతున్న ఇంజిన్‌లో పోసేశాను. లోపల టంగుమని ఒక చప్పుడు వచ్చింది. దాని మీదే మళ్ళీ స్టార్ట్ చేసి, ఇంకో అరకిలోమీటరు లాగించాను.

మాడుగులాయన అంతా విని హెడ్డుని మెల్లగా సంచిలో పెట్టేశాడు. "నిజం సెప్పీసినారు. బాగుంది," అన్నాడు. ఇంకేమీ అనలేదు.

అరుగు మీద పేపరు కిందికి దిగింది.

"టైడాలో ఆపలేదా?" అన్నారు నాన్న.

"లేదు."

ఆయన లేచి లోపలికెళ్ళారు. కోపమొచ్చిందనుకున్నాను. రెండో తాళంచెవి, జాకీ రాడ్డు, 1993 నాటి లేత్ బిల్లు పట్టుకుని తిరిగొచ్చారు.

బేరం 82 వేలకి తెగింది. అయిదు వేలు అడ్వాన్స్. వారం తర్వాత మిగతా డబ్బు, దాంతో పాటు కిలో మాడుగుల హల్వా డబ్బా తెచ్చారు. నాన్న చేత బండి పేరు మార్పించే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఆయన సంతకం అప్పటికే వణుకుతోంది. ఒకటి ఆర్సీలో ఉన్నదానితో కలవలేదని రెండోసారి పెట్టించాం. బొలేరో వెనక ఇనప రాడ్డుతో జీపుని తగిలించారు. నాన్న దగ్గరుండి గేరూ, ఫోర్‌వీల్ లివరూ రెండూ న్యూట్రల్లో పెట్టించారు. అంతటితో ఊరుకోలేదు. మాడుగులాయన స్టీరింగ్ ముందు కూర్చుంటే పక్కన నిలబడి, ఇంజినే లేని బండికి స్టార్ట్ చెయ్యడం నేర్పడం మొదలుపెట్టారు.

"ఇది హీటర్. నొక్కి పట్టుకుని ఇరవై లెక్కపెట్టాలి. కంగారు పడకూడదు."

ఆయన బుద్ధిగా "అలగేనండీ" అన్నాడు. బావమరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. జీపు చప్పుడు లేకుండా మా వీధి మలుపు తిరగడం అదే మొదలు. ఎప్పుడూ అది వెళ్ళిపోయాక కూడా కాసేపు వినిపించేది.

డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్న ఆరున్నరకి ఫోన్ మోగింది. మాడుగులాయనే.

"బాబూ, కొత్త హెడ్డేసినాం, లైనర్లేసినాం, క్రాంకు గ్రైండింగు కొట్టించినాం. నిన్న మద్దేనం బాగానే లేసింది. ఇయ్యాల సలికి లెగట్నేదు. నానగారు ఎన్ని లెక్కెట్టమన్నారు?"

"ఇరవై అండీ," అన్నాను.

"ఇరవయ్యే ఎడుతున్నాను బాబూ."

నాన్న అప్పటికే లేచి కూర్చుని చెయ్యి చాపుతున్నారు. ఫోన్ ఇచ్చాను.

"ఏ ఊళ్ళో ఉన్నావిప్పుడు, తోటలోనా? కొండ కిందా?" అని అడిగారు. అటు నుంచి ఏదో చెప్పారు. "అయితే ముప్పై పెట్టు. ఆగు, నేను లెక్కపెడతాను. నొక్కావా? ఆఁ... ఒకటి. రెండు. మూడు..."